లీగల్, ఫైనాన్స్ అనువాదం: మన ఇంట్లోని మూడు భాషలు ఉపాధి ఎప్పుడవుతాయి?

పిడుగురాళ్లలో సున్నం బట్టీకి పెట్టుబడి తేవాలన్నా, మిర్చి పంటకు అప్పు చేయాలన్నా, పిల్లల చదువుకు లోను తీసుకోవాలన్నా వ్యవహారం చివరికి ఓ కాగితాల కట్ట దగ్గరికి వస్తుంది. కట్ట మొత్తం ఇంగ్లీషు. సంతకం పెట్టాల్సిన పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. "ఇక్కడ పెట్టండి, ఇక్కడ కూడా" అంటూ వేలితో చూపిస్తుంటారు. ఆయన కట్టను ఇంటికి తెచ్చి, డిగ్రీ చదివే కూతురిని అడుగుతాడు: "ఏం రాశారమ్మా ఇందులో?" ఆ అమ్మాయి పైపైన చూసి, "ఏం లేదు అబ్బా, చాచా తీసుకునే లోనుకు మీరు గ్యారంటర్ అంట. సాక్షి సంతకం లాంటిదే" అని చెప్పేస్తుంది.

అది సాక్షి సంతకం కాదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 128వ సెక్షన్ ప్రకారం, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. చాచా కిస్తీలు ఆపేస్తే బ్యాంకు అబ్బా దగ్గరికే రావచ్చు. ఒక్క మాట తప్పు చెప్పినందుకు ఇంటి మీదికే వస్తుంది.

ఆ ఒక్క మాటను సరిగ్గా చెప్పి, చెప్పినదానికి పూచీ పడేవాళ్లే లీగల్, ఫైనాన్స్ అనువాదకులు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు ఉన్న మన కుటుంబాల పిల్లలకు ఇది అందుబాటులో ఉన్న వృత్తే. అయితే మూడు భాషలు మాట్లాడటం వేరు, మూడు భాషల్లో చట్టాన్ని, లెక్కను మోయగలగడం వేరు. ఆ తేడా తెలుసుకుని దిగితే దారి ఉంది. తెలియకుండా దిగితే ఏడాది తిరక్కుండానే విసుగొస్తుంది.

ఈ పని ఎవరికి కావాలి?

ముందు గిరాకీ ఎక్కడుందో చూద్దాం.

మొదటిది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన ఆదేశం ప్రకారం, వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ ఇచ్చే టర్మ్ లోన్లన్నిటికీ 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే కొత్త లోన్లకు ఇది వర్తిస్తుంది. ఆ పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులోని విషయాలు వివరించి, అర్థమైందని వారి నుంచి ఒప్పుకోలు తీసుకోవాలి. ఏడు రోజులు, అంతకు మించిన గడువున్న లోన్లకు ఆ పత్రం చూసుకుని ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. అంటే పై కథలోని అబ్బా "తెలుగులో ఇవ్వండి" అని అడగొచ్చు. అలా అడిగేవాళ్లు పెరిగేకొద్దీ ఆ తెలుగు రాసేవాళ్ల అవసరమూ పెరుగుతుంది.

రెండోది పత్రికా ప్రకటనలు. తెలుగు దినపత్రికల్లో చిన్న అక్షరాలతో వచ్చే 'స్వాధీన ప్రకటన'లు అందరూ చూసే ఉంటారు. బాకీ పడిన ఆస్తిని బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద స్వాధీనం చేసుకున్నప్పుడు రెండు పత్రికల్లో ప్రకటన వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషది కావాలి. షేర్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలు తమ ఆర్థిక ఫలితాల గురించి ఒక ఇంగ్లీషు జాతీయ పత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన వేయాలని సెబీ నిబంధన. ఈ తెలుగంతా ఎవరో ఒకరు రాస్తున్నదే.

మూడోది కోర్టులు. గురజాల, నరసరావుపేట కోర్టుల్లో సాక్షులు చెప్పేది తెలుగులో. అదే కేసు అప్పీలు మీద అమరావతిలోని హైకోర్టుకు వెళ్తే అక్కడి భాష ఇంగ్లీషు. రాజ్యాంగంలోని 348వ అధికరణం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషని చెబుతోంది. కాబట్టి తెలుగులో ఉన్న వాంగ్మూలం, క్రయదస్తావేజు, వీలునామా, ప్రామిసరీ నోటు అన్నీ ఇంగ్లీషులోకి వెళ్లాలి. హైకోర్టుల్లో అనువాద విభాగాలు ఉంటాయి. బయట న్యాయవాదులు కూడా ఈ పని చేయిస్తుంటారు.

నాలుగోది ఉర్దూ. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేసే బిల్లును ఆమోదించింది. తెలంగాణలో 2017లో ఈ నిర్ణయం జరిగాక, 2018లో 66 మంది ఉర్దూ ఆఫీసర్లను తీసుకున్నారు. అర్జీలు, ఉత్తర్వులు అటూ ఇటూ అనువదించడం వాళ్ల పని. చట్టం వచ్చినంత మాత్రాన ప్రతి ఆఫీసులో పోస్టు పుట్టదు. కానీ నోటిఫికేషన్ పడినప్పుడు తయారుగా ఉన్నవాడికే అది దక్కుతుంది.

ఇవి కాక గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాల నిఖానామాలు, పుట్టిన సర్టిఫికెట్లు, పవర్ ఆఫ్ అటార్నీలు ఉన్నాయి. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ మొదలయ్యాక వక్ఫ్ ఆస్తుల వివరాలు అందులో ఎక్కించాల్సి వచ్చింది. ఉర్దూలో, ఫారసీలో రాసిన పాత దస్తావేజులు ఉన్నచోట ముందు వాటిని చదవగలిగే మనిషి కావాలి.

ఒక మాట మాత్రం ముందే చెప్పుకోవాలి. రోజువారీ కూలి గిట్టే పని ఎక్కువగా ఇంగ్లీషు, తెలుగుల మధ్యే ఉంటుంది. ఉర్దూ దానికి అదనపు బలం. ఉర్దూ మాట్లాడని నూర్‌బాషా కుటుంబాల పిల్లలు కూడా ఈ పనికి ఏమీ తీసిపోరు.

తెలిసిన మాటే ముంచుతుంది

గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. అంతకు ముందు దాకా ఇక్కడి సర్కారు లెక్కలు, హుకుములు ఫారసీ నీడలో నడిచాయి. ఆ మాటలు తెలుగులో అలాగే ఉండిపోయాయి. దస్తావేజు, దాఖలు, దావా, హక్కు, జప్తు, జామీను, బాకీ, వసూలు, రద్దు, రసీదు, షరతు, కిస్తీ... వీటిలో ఒక్కటి కూడా పల్నాటి రైతుకు కొత్త కాదు. మచిలీపట్నం, రాజమండ్రి కోర్టుల్లో పనిచేసిన సి.పి. బ్రౌన్ ఇలాంటి కచేరీ మాటలకే ప్రత్యేకంగా 1852లో 'జిల్లా నిఘంటువు' వేశాడు. అప్పుడే వాటికి అంత అవసరం కనిపించింది.

ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన పిల్లలకు ఇది వరం. అదే ఉచ్చు కూడా. మాట ఒకటే, అర్థం మాత్రం రెండు భాషల్లో రెండు దార్లు పట్టింది.

ముద్దాయి: తెలుగులో నిందితుడు. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, వాది. నిందితుణ్ని ఉర్దూలో 'ముల్జిమ్' అంటారు. ఈ మాటను మక్కీకి మక్కీ దింపితే కేసు పెట్టినవాడే బోనులో నిలబడతాడు.

రాజీనామా: తెలుగులో ఉద్యోగం వదులుకోవడం. ఉర్దూలో ఇరుపక్షాలు రాజీపడి రాసుకున్న కాగితం. ఉద్యోగం వదలడాన్ని ఉర్దూలో 'ఇస్తీఫా' అంటారు.

తనఖా: తెలుగులో ఆస్తిని తాకట్టు పెట్టడం. ఉర్దూలో 'తన్‌ఖా' అంటే జీతం. తాకట్టుకు ఉర్దూలో 'రెహన్' అనాలి.

పట్టా: తెలుగునాట భూమి మీద హక్కు చూపించే కాగితం. ఉర్దూ, హిందీ దస్తావేజుల్లో చాలాసార్లు లీజు పత్రం. హక్కుదారు ఒక్క మాటతో కౌలుదారు అయిపోతాడు.

కౌలు: తెలుగులో భూమిని కౌలుకు ఇవ్వడం. ఉర్దూలో 'ఖౌల్' అంటే మాట, వాగ్దానం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కౌలు ఒప్పందాలు రాసుకుంటున్నారు. అలాంటి కాగితాన్ని ఉర్దూ చదివే పెద్దాయనకు వివరించేటప్పుడు 'ఇజారా' అంటే గానీ అసలు సంగతి అందదు.

ఇంగ్లీషు వైపు నుంచీ ఇదే గొడవ. 'కన్సిడరేషన్' అంటే కాలేజీ ఇంగ్లీషులో పరిశీలన, కాంట్రాక్టులో ప్రతిఫలం. 'ఇంట్రెస్ట్' లోను కాగితంలో వడ్డీ, ఆస్తి కాగితంలో హక్కు. 'సెక్యూరిటీ' ఒకచోట అప్పుకు పెట్టిన హామీ, ఇంకోచోట షేరో బాండో. డీడ్‌ను 'ఎగ్జిక్యూట్' చేయడమంటే రాసి సంతకం పెట్టి ఇవ్వడం, డిక్రీని 'ఎగ్జిక్యూట్' చేయడమంటే అమలు చేయించడం. కాంట్రాక్టులో 'షల్' అంటే చేసి తీరాలి, 'మే' అంటే చేయవచ్చు. తెలుగులో రెండింటికీ "చేయవచ్చును" అని రాసేస్తే, తప్పనిసరి కాస్తా ఇష్టం మీద ఆధారపడినది అయిపోతుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. హైదరాబాద్ సంస్థానంలో 1917లో ఉర్దూ అనువాద సంస్థ 'దారుత్తర్జుమా' పెట్టారు, ఆ మరుసటి ఏడాదే ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. మొదట దానికి మౌల్వీ అబ్దుల్ హఖ్ నాయకత్వం వహించారు. చట్టం, అర్థశాస్త్రం, సైన్సు ఉర్దూలో చెప్పాలంటే ముందు ఏ మాటకు ఏ మాటో తేల్చుకోవాల్సి వచ్చింది. పారిభాషిక పదాల కోసం పండితులు కూర్చుని చర్చించుకున్నారు. ఈ రోజు పిడుగురాళ్లలో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే అమ్మాయి చేయాల్సిందీ చిన్న ఎత్తున అదే పని.

వడ్డీ లెక్క రానివాడు వడ్డీని అనువదించలేడు

మన ఊళ్లలో ప్రామిసరీ నోటు మీద "నూటికి రెండు రూపాయల వడ్డీ" అని రాస్తారు. అంటే వందకు నెలకు రెండు రూపాయలు. దీన్ని ఇంగ్లీషులో "రెండు శాతం వడ్డీ" అని రాసి వదిలేస్తే, చదివే జడ్జి గానీ ఆడిటర్ గానీ ఏడాదికి రెండు శాతం అనుకునే ప్రమాదం ఉంది. లక్ష రూపాయల మీద ఏడాదికి రావాల్సింది ₹24,000. ఆ ఇంగ్లీషు ప్రకారం వచ్చేది ₹2,000. ఒక్క 'నెలకు' అన్న మాట రాయనందుకు ₹22,000 తేడా. సరైన అనువాదం "నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24 శాతం" అన్న అర్థం స్పష్టంగా ఇవ్వాలి.

ఫ్లాట్ రేటు సంగతీ అంతే. లక్ష రూపాయలు ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీకి తీసుకుంటే మొత్తం వడ్డీ ₹12,000, నెల కిస్తీ సుమారు ₹9,333. అదే 12 శాతం తగ్గే బాకీ మీద వేస్తే కిస్తీ సుమారు ₹8,885, ఏడాది వడ్డీ ₹6,619 దగ్గర ఆగుతుంది. రెండు కాగితాల మీదా '12 శాతం' అనే ఉంటుంది. ఆ ఫ్లాట్ లోను అసలు భారం ఏడాదికి 21 శాతం పైనే. రిజర్వు బ్యాంకు చెప్పిన ముఖ్య వివరాల పత్రంలో వార్షిక శాతం రేటు చూపించమన్నది ఈ తేడా బయటపడాలనే. 'ఫ్లాట్', 'రెడ్యూసింగ్ బ్యాలెన్స్' అన్న మాటలను అనువాదకుడు అర్థం చేసుకోకుండా వదిలేస్తే ఆ పత్రం తెలుగులో ఉన్నా లేనట్టే.

ఇంకొన్ని చిన్న విషయాలు పెద్ద తప్పులు చేయిస్తాయి. ఒక మిలియన్ అంటే 10 లక్షలు, ఒక బిలియన్ అంటే 100 కోట్లు. కంపెనీ లెక్కల్లో బ్రాకెట్లో పెట్టిన అంకె నష్టాన్నో తీసివేతనో చూపిస్తుంది. అమెరికా కాగితంలో 04/07/2024 అంటే ఏప్రిల్ 7, మన కాగితంలో జూలై 4. రెవెన్యూ రికార్డుల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. ఫసలీ 1434 అంటే 2024 జూలై 1 నుంచి 2025 జూన్ 30 వరకు. పాత నిఖానామాలో హిజ్రీ తేదీ ఉంటే దాన్ని అలాగే ఉంచి, పక్కన ఇంగ్లీషు తేదీ ఇవ్వాలి.

పేర్ల విషయంలో మన కుటుంబాలకు ప్రత్యేకంగా దెబ్బ తగులుతుంది. 'షేక్' అన్న ఒక్క మాటకే ఇంగ్లీషులో నాలుగైదు స్పెల్లింగులు నడుస్తున్నాయి. కొందరికి అది ముందు, కొందరికి వెనక. 'మొహమ్మద్' ఒకచోట పూర్తిగా, ఇంకోచోట 'ఎండీ'. అనువాదకుడు తనకు తోచిన స్పెల్లింగ్ రాస్తే పాస్‌పోర్టుకూ సర్టిఫికెట్‌కూ పొంతన కుదరక వీసా పని ఆగుతుంది. పాస్‌పోర్టు చూసి, అందులో ఉన్నట్టే రాయాలి. అసలు కాగితంలో వేరేగా ఉంటే దిద్దేయకూడదు, ఆ సంగతి కింద రాసి చెప్పాలి.

ఉర్దూ మాట్లాడటం, ఉర్దూ చదవడం

పల్నాడులో చాలా ఇళ్లలో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. అందులో ఎంతమంది పిల్లలు నస్తాలీఖ్ లిపి గబగబా చదవగలరు? ఖురాన్ అరబీ అక్షరాలు వచ్చినంత మాత్రాన ఉర్దూ దస్తావేజు చదవడం రాదు. పాత కాగితాలు 'షికస్తా' అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. చుక్కలు వదిలేసి, అక్షరాలు కలిపేసి రాస్తారు. దాన్ని చదవడం ఏళ్ల తరబడి అలవాటు మీద వచ్చే విద్య. అది వచ్చినవాళ్లు ఇప్పుడు తక్కువైపోయారు. ఇంట్లో దాదాగారు చదవగలిగితే, ఆయన దగ్గర కూర్చుని పాత కాగితాలు చదివించుకోవడమే మొదటి తరగతి.

లిపి కొత్తగా నేర్చుకోవాలంటే జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి దూరవిద్యలో ఏడాది డిప్లొమా నడుపుతోంది. ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవచ్చు.

ఏం చదవాలి?

అనువాదం డిగ్రీ ఒక్కటే చాలదు. ఈ రంగంలో నిలబడ్డవాళ్లకు సాధారణంగా రెండు కాళ్లు ఉంటాయి: ఒకటి భాష, ఇంకోటి చట్టమో లెక్కో.

బీకాం చదివిన పిల్లలకు ఫైనాన్స్ వైపు సులువు. బ్యాలెన్స్ షీట్ చదవడం, వడ్డీ లెక్క, జీఎస్టీ మాటలు అప్పటికే వచ్చి ఉంటాయి. లా వైపు వెళ్లాలంటే లాసెట్ రాసి, ఇంటర్ తర్వాత ఐదేళ్లు గానీ, డిగ్రీ తర్వాత మూడేళ్లు గానీ చదవాలి. అంత చదవలేని పరిస్థితి ఉంటే న్యాయవాది దగ్గరో, దస్తావేజు లేఖరి దగ్గరో, ఆడిటర్ ఆఫీసులోనో ఏడాది పనిచేయడం కూడా గట్టి చదువే. కాగితం ఎందుకు అలా రాస్తారో అక్కడే తెలుస్తుంది.

అనువాద విద్యకు హైదరాబాద్‌లో రెండు పెద్ద చిరునామాలు ఉన్నాయి. 1998లో పార్లమెంటు చట్టంతో ఏర్పడ్డ మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో అనువాద శాఖ ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఉంది. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ ఆధ్వర్యంలో 2008లో మొదలైన జాతీయ అనువాద మిషన్ అనువాదకులకు శిక్షణ కార్యక్రమాలు నిర్వహిస్తూ వచ్చింది.

పైసా ఖర్చు లేని బడి ఇంకోటి ఉంది. భారత రాజ్యాంగం తెలుగు పాఠం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. కేంద్ర చట్టాలకు ప్రాంతీయ భాషల్లో ప్రామాణిక పాఠాలు ఇవ్వడానికి 1973లోనే ఒక చట్టం వచ్చింది, ఆ పాఠాల్లో కొన్ని తెలుగులో ఉన్నాయి. ఇంగ్లీషు పాఠం, తెలుగు పాఠం పక్కపక్కన పెట్టుకుని రోజుకు ఒక సెక్షన్ చదవాలి. ముందు తెలుగు మూసేసి మనమే అనువదించాలి, తర్వాత తెరిచి పోల్చుకోవాలి. తేడా వచ్చిన ప్రతి మాటా ఓ పుస్తకంలో రాసుకోవాలి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వేసిన పారిభాషిక పదకోశాలు దీనికి తోడు. ఆరు నెలలకు చేతిలో సొంత పదకోశం తయారవుతుంది. ఈ వృత్తిలో అసలు పెట్టుబడి అదే.

చట్టాలు మారితే పదకోశం కూడా మారాలి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. మోసం కేసంటే ఊళ్లో ఇంకా '420' అనే అంటారు, కొత్త చట్టంలో అది సెక్షన్ 318లో ఉంది. పాత కేసుల్లో పాత నంబర్లు, కొత్త కేసుల్లో కొత్త నంబర్లు నడుస్తున్నాయి. అనువాదకుడు నంబర్‌ను తనంతట తాను మార్చకూడదు. కాగితంలో ఉన్నదే రాయాలి.

'సర్టిఫైడ్' అంటే ఏమిటి?

కొన్ని దేశాల్లో అనువాదకులు ప్రమాణం చేసి లైసెన్సు తీసుకుంటారు. యూఏఈలో అధికారిక లీగల్ అనువాదం చేయాలంటే అక్కడి న్యాయశాఖ దగ్గర నమోదై ఉండాలి. మన దేశంలో అనువాదకులందరికీ అలాంటి ఒకే లైసెన్సు లేదు. కోర్టు నియమించిన అనువాదకులు వేరు, బయట పనిచేసేవాళ్లు వేరు. 1952 నాటి నోటరీల చట్టం 8వ సెక్షన్ ప్రకారం పత్రాలను అనువదించి, అనువాదాన్ని ధ్రువీకరించే అధికారం నోటరీకి ఉంది.

అందుకే పని ఒప్పుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఈ కాగితం ఎక్కడ ఇస్తారు?" కోర్టుకా, రాయబార కార్యాలయానికా, యూనివర్సిటీకా, బ్యాంకుకా అన్నదాన్ని బట్టి ధ్రువీకరణ మారుతుంది. గల్ఫ్‌కు వెళ్లే కాగితాన్ని ఇక్కడ తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చేయవచ్చు. దాని అరబీ అనువాదం చాలాసార్లు ఆ దేశం ఒప్పుకున్నవాళ్లే చేయాలి. ఈ సంగతి ముందే చెప్పేస్తే, రెండుసార్లు డబ్బు పోయిందని ఆ కుటుంబం తర్వాత బాధపడక్కర్లేదు.

కంప్యూటర్ వచ్చేసింది కదా?

ఇది ప్రతి తల్లిదండ్రులకూ వచ్చే సందేహం, సరైన సందేహమే. సుప్రీంకోర్టు 2019 నవంబర్‌లో తీర్పుల అనువాదానికి 'సువాస్' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022లో 'భాషిణి' మొదలుపెట్టింది. మామూలు ఉత్తరం, సాదా నోటీసు యంత్రం నిమిషంలో చేసేస్తుంది. అలాంటి పనికి రేటు పడిపోయింది, ఇంకా పడుతుంది.

అయినా సుప్రీంకోర్టే తన ప్రాంతీయ భాషా తీర్పుల మీద ఒక హెచ్చరిక పెడుతుంది: అనువాదం కక్షిదారు అర్థం చేసుకోవడానికే, అమలుకు ఇంగ్లీషు ప్రతే ప్రామాణికం. యంత్రం ఇచ్చిన తెలుగును మనుషులు సరిచూస్తున్నారు. "నూటికి రెండు" అంటే నెలకా, ఏడాదికా అని యంత్రం ఫోన్ చేసి అడగదు. ముద్దాయి వాదా, నిందితుడా అన్నది కేసు ఫైలు తిరగేసినవాడే తేల్చగలడు. తప్పు జరిగితే సంతకం పెట్టినవాడే జవాబు చెప్పాలి, యంత్రం చెప్పదు. కాబట్టి రేపటి పని ఎక్కువగా యంత్రం చేసినదాన్ని దిద్దడంగా ఉంటుంది. దిద్దాలంటే యంత్రం కన్నా విషయం బాగా తెలిసి ఉండాలి.

ఒక జాగ్రత్త. క్లయింటు ఇచ్చిన లోను కాగితం, వీలునామా, విడాకుల పత్రం లాంటివి అతని అనుమతి లేకుండా ఉచిత అనువాద వెబ్‌సైట్లలో పెట్టకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో "ఈ మాటకు అర్థం ఏంటి భాయ్?" అంటూ ఫొటో పంపకూడదు. మాట ఒక్కటి అడగండి, కాగితం చూపించకండి. చిన్న ఊళ్లో ఒక కుటుంబం గుట్టు బయటపడితే, ఆ అనువాదకుడి గుమ్మం మళ్లీ ఎవరూ తొక్కరు.

రేటు ఎలా చెప్పాలి?

ఈ పనికి పదానికి ఇంత, పేజీకి ఇంత, గంటకు ఇంత అని తీసుకుంటారు. ఇంగ్లీషులో వెయ్యి పదాలున్న కాగితం తెలుగులోకి వచ్చేసరికి పదాల సంఖ్య బాగా తగ్గుతుంది, మన విభక్తులు మాటలోనే కలిసిపోతాయి కాబట్టి. అందుకే ఏ భాష పదాలు లెక్కపెడతారో ముందే మాట్లాడుకోవాలి. ఇంగ్లీషు పదాల లెక్క మీద ఒప్పుకుంటే మేలు.

అనుభవం ఉన్నవాళ్లు మామూలు విషయాల్లో రోజుకు 2,000 పదాల దాకా లెక్క వేసుకుంటారు. లీగల్ కాగితం, అదీ కొత్తవాళ్లయితే, అందులో సగం అనుకోవాలి. రోజుకు ₹1,500 రావాలి, 1,000 పదాలే చేయగలం అనుకుంటే పదానికి రూపాయిన్నర అడగాలి. ఇది మార్కెట్ రేటు కాదు, లెక్క వేసుకునే పద్ధతి. ఇందులో సరిచూసుకునే సమయం, పని దొరకని రోజులు కూడా కలుపుకోవాలి. ఏజెన్సీలు నెల, రెండు నెలలకు గానీ డబ్బు ఇవ్వవు. మొదటి ఏడాది ఇంటి ఖర్చు దీని మీదే పెట్టుకోవడం మంచిది కాదు. చేస్తున్న ఉద్యోగం వదలకుండా, చదువు ఆపకుండా పక్కన మొదలుపెట్టాలి. ఏడాది ఆదాయం ₹20 లక్షలు దాటే దాకా సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ సాధారణంగా అవసరం పడదు.

మోసాలు కూడా ఉన్నాయి. "రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ఇంటి దగ్గరే అనువాదం పని ఇస్తాం" అనేవాళ్లను నమ్మొద్దు. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. "పొరపాటున ఎక్కువ పంపాం, మిగతాది తిరిగి పంపండి" అనే మెసేజ్ ఇంకో ఎత్తు. శాంపిల్ పేరుతో పది పేజీలు ఉచితంగా చేయించుకునేవాళ్లూ ఉంటారు. ఒక పేజీ దాటి ఉచితంగా చేయొద్దు.

ఇంటి దగ్గర నుంచి పని చేసుకోగలగడం చాలామంది ఆడపిల్లలకు సౌకర్యం. అయితే ఇంట్లోనే ఉంది కదా అని మధ్యలో పది పనులు చెబితే, వీలునామాలో ఒక వారసుడి పేరు జారిపోతుంది. తలుపు వేసుకుని కూర్చునే నాలుగు గంటలు ఆ అమ్మాయికి ఇవ్వడం ఇంట్లోవాళ్ల వంతు.

మొదటి ఏడాది

మొదటి మూడు నెలలు రోజుకో సెక్షన్, సొంత పదకోశం. తర్వాతి మూడు నెలలు ఇంట్లో ఉన్న కాగితాలే పాఠాలు: లోను పత్రం, బీమా పాలసీ, క్రయదస్తావేజు, నిఖానామా. ఒక్కొక్కటి అనువదించి, తెలిసిన న్యాయవాదికో ఆడిటర్‌కో చూపించి దిద్దించుకోవాలి. ఆ తర్వాత ఒక రంగం ఎంచుకోవాలి: కోర్టు కాగితాలా, బ్యాంకు కాగితాలా, కంపెనీ లెక్కలా. అన్నీ చేస్తామని చెప్పేవాళ్లు బోలెడు మంది. "భూమి దస్తావేజులు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి, నేనే చేస్తాను" అని చెప్పేవాళ్లనే న్యాయవాదులు గుర్తుపెట్టుకుంటారు. ఒమేగా-టీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే, ఒకసారి చేసిన వాక్యం మళ్లీ వచ్చినప్పుడు అదే గుర్తుచేస్తుంది, మాట మాటకూ పొంతన ఉంటుంది. పని అయ్యాక వేరే మనిషితో ఒకసారి చదివించాలి, అంకెలు, పేర్లు, తేదీలు విడిగా పోల్చాలి.

మన పిల్లకు ఈ పని వస్తుందో రాదో తెలుసుకోవాలంటే పరీక్ష ఇంట్లోనే పెట్టొచ్చు. బీరువాలో ఉన్న లోను పత్రం తీసి, గ్యారంటర్ గురించి రాసిన ఒక్క పేరా ఇవ్వండి. నిఘంటువు చూడనివ్వండి, కావలసినంత సమయం ఇవ్వండి. తర్వాత అబ్బాకు తెలుగులోనో ఉర్దూలోనో వివరించమనండి. విన్నాక ఆయన "అయితే ఆ డబ్బు నేను కట్టాల్సి వస్తుందా?" అని అడిగితే, ఆ పిల్ల అనువాదం సరిగ్గా చేసినట్టే.